రాత్రి ఏం తిన్నాం

శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు అమ్మ కిందపడిన పోపుల డబ్బా మూత తీసుకోవడానికి వంగింది. పైన కప్‌బోర్డ్ తలుపు తెరిచే ఉంది. మూత తీసుకుని లేస్తుంటే ఆ తలుపు మూల నడినెత్తికి కాస్త వెనకగా తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు. "అబ్బా" అని, మూత కడిగి, డబ్బాకు పెట్టి, ఉప్మాకు తాలింపు వేసింది. ఏడూ పది అని ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఆ రోజు సాయంత్రం దాకా మా మధ్య నడిచిన వాదన అదే. మా వంటింటి గడియారం పది నిమిషాలు ముందుండేది. అమ్మ బస్సు తప్పిపోకూడదని నాన్న అలా పెట్టాడు. అది ముందుందని ముగ్గురికీ తెలుసు కనుక ముగ్గురం మనసులో పది నిమిషాలు తీసేసుకునేవాళ్ళం. దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. క్యాజువాలిటీలో డాక్టరు దెబ్బ ఎప్పుడు తగిలిందని అడిగితే నాన్న ఏడూ ఇరవై అన్నాడు, అమ్మ ఏడు అంది, నేను గడియారంలో ఇరవై అంటే అసలు టైము పది అని వివరించబోయాను. ఆ డాక్టరు పెన్ను పట్టుకుని మా ముగ్గురి వంకా చూశాడు. తలకు దెబ్బ తగిలింది ఎవరికని అతనికి సందేహం వచ్చి ఉంటుంది.

అమ్మ పోయి నాలుగు నెలలయింది. గుండె. ఆనాటి దెబ్బకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఉందని రాస్తే చదవడానికి బాగుంటుందేమో గానీ అది అబద్ధం. పోయిన నెల నాన్నను మా ఇంటికి తెచ్చుకోవడానికి ఎయిర్‌పోర్ట్ పక్కన హేస్‌లో వాళ్ళ ఫ్లాట్ ఖాళీ చేశాం. అమ్మ సర్టిఫికెట్లు పెట్టుకునే ప్లాస్టిక్ ఫోల్డర్లో, ఈ దేశంలో ఆమె నర్సుగా రిజిస్టర్ అయిందని చెప్పే ఉత్తరం వెనక, పసుపు మరకలున్న కాగితం ఒకటి దొరికింది. తలకు దెబ్బ తగిలినవాళ్ళను ఇంటికి పంపేటప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసి ఇచ్చే కాగితం. దాని వెనక నాన్న బడిపంతులు అక్షరాలు. మంగళ: టమాటా పప్పు, గుడ్డు. బుధ: సొరకాయ పులుసు, అప్పడం. గురు: పెరుగన్నం, ఆవకాయ. అలా మూడు వారాలు. కొన్నింటి పక్కన టిక్కు, కొన్నింటి పక్కన ఇంటూ. మా ఆయన అది చూసి డైట్ చార్టా అని అడిగాడు. అవునన్నాను. అప్పుడు చెప్పే ఓపిక లేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ దెబ్బ తగిలేనాటికి నాన్నా నేనూ ఈ దేశం వచ్చి ఏడాది కాలేదు. నాకు పదిహేనేళ్ళు. అమ్మ మాకన్నా రెండేళ్ళు ముందు వచ్చింది. బాపట్లలో పదహారేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసిన మనిషి, ఇక్కడ మొదట ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేరి ముసలివాళ్ళకు స్నానాలు చేయించింది. తర్వాత ఒక ఆసుపత్రి వార్డులో అడాప్టేషన్ దొరికింది. అంటే కొన్ని నెలలపాటు ఒక మెంటర్ కళ్ళ ముందు పనిచెయ్యాలి. ఆవిడ ఒక్కొక్క పనికీ పుస్తకంలో సంతకం పెడుతూ పోవాలి. సంతకాలన్నీ పూర్తయితే రిజిస్ట్రేషన్ వస్తుంది. అది వస్తే నర్సు ఉద్యోగం, దానితో మా ముగ్గురి వీసా. రాకపోతే పెట్టెలు సర్దుకుని వెనక్కి. నాన్న బాపట్లలో లెక్కల మాస్టారి ఉద్యోగం వదిలేసి వచ్చి ఎయిర్‌పోర్ట్ దగ్గర కార్గో షెడ్డులో పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తున్నాడు. వెనక్కి వెళ్తే ఆ బడిలో ఆయన కుర్చీలో అప్పటికే ఇంకెవరో కూర్చున్నారు. అమ్మకు ఇంకా రెండు వారాలే మిగిలాయి. ఐదు సంతకాలు.

ఇక్కడ మాతో ఆరాధనకు వచ్చే విమల ఆంటీ చెప్పిన కథ ఒకటి రాయాలి, ఎందుకంటే జరిగిందానికి కప్‌బోర్డ్ తలుపు ఎంత కారణమో ఆ కథ అంత కారణం. అడాప్టేషన్‌లో ఉండగా జ్వరమొచ్చి వారం సిక్ పెట్టిందని ఎవరో కేరళ అమ్మాయిని పంపించేశారట. ఆ అమ్మాయి పేరు ఆంటీకి తెలీదు. ఏ ఆసుపత్రో తెలీదు. ఆంటీకి చెప్పినావిడకు కూడా తెలీదు. కానీ మా తెలుగు ఫెలోషిప్‌లో, అంటే ఆదివారం ఆరాధనకు కలిసేవాళ్ళలో, నర్సులుగా, కేరర్లుగా చేసే పదిమంది ఆడవాళ్ళూ ఆ కథను నమ్మారు. జ్వరంతో, నడుం నొప్పితో, ఒకావిడ పంటి గడ్డతో డ్యూటీలకు వెళ్ళారు. నిజమా అని వార్డులో ఒక్కరిని, ఒక్కసారి అడిగితే పోయేది. ఎవరూ అడగలేదు. అడగడమే ఒక తప్పుగా రాసుకుంటారేమోనని భయం.

మేముండేది తివాచీల కొట్టు మీద మొదటి అంతస్తులో. రెండు గదులు, సన్నటి వంటిల్లు. మెట్ల మీద కొత్త తివాచీల రబ్బరు వాసన, పైకొచ్చాక తాలింపు వాసన, రేడియేటర్ మీద ఆరే అమ్మ యూనిఫామ్ తడి వాసన. విమానాలు నెత్తిమీదే దిగేవి. విమానం వెళ్ళేదాకా మాట ఆపి, వెళ్ళాక అదే మాట దగ్గర మొదలుపెట్టడం మాకు అప్పటికే అలవాటైపోయింది. మామూలు రోజుల్లో అదో ఇబ్బందిగా కూడా అనిపించేది కాదు.

ఆ శనివారం తొమ్మిదింటికి అమ్మకు వాంతి అయింది. ఉప్మాలో నూనె ఎక్కువైందంది. పదకొండింటికి మళ్ళీ అయింది. ఈసారి ఏమీ అనలేదు, బాత్రూం నేల మీద కూర్చుండిపోయింది. నాన్న ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, కంటిపాపలు చూడాలని కర్టెన్లు బార్లా తెరిచాడు. కంటిపాపల్లో ఏం చూడాలో ఆయనకు తెలీదు. తెలిసిన పని మొదలుపెట్టాడు.

"సుగుణా, పదమూడు ఏడులు ఎంత?"

"బాగున్నప్పుడు చెప్పానా ఎప్పుడన్నా?"

"పోనీ పన్నెండు ఏడులు."

"కర్టెన్లు వెయ్యండి, మీకు దణ్ణం పెడతాను. వెలుతురు కళ్ళల్లో పొడుస్తోంది."

"చూశావా, ఎక్కాలు మర్చిపోయింది," అన్నాడు నాన్న నాతో.

"రానివాటిని మర్చిపోవడమేంటండీ! పదహారేళ్ళ సర్వీసు నాది. ఎన్ని తల దెబ్బలు చూశాను నేను. బళ్ళ మీంచి పడ్డోళ్ళని, తాటిచెట్టు మీంచి పడ్డోళ్ళని. మూత తీయడానికి వంగితే తగిలిందాన్ని పట్టుకుని ఆసుపత్రి అంటారేంటి?"

నిజానికి అమ్మ బాపట్లలో ఉండగా ఇంటికెవరైనా తల బొప్పి కట్టి వస్తే, వాంతి అయిందా అన్నదే మొదటి ప్రశ్న. అయిందంటే ఇంకో మాట లేదు, రిక్షా ఎక్కించేది. నేను చిన్నప్పుడు అరుగు మీంచి పడితే ఒక్క వాంతికే రోజంతా వార్డులో ఉంచింది. ఎదుటివాళ్ళ విషయంలో అంత నిక్కచ్చిగా ఉండే మనిషి తన విషయానికొచ్చేసరికి ఇలా మాట్లాడుతుంటే నాకు చచ్చే చిరాకేసింది. ఇప్పటికీ తలుచుకుంటే వేస్తుంది.

నాన్న దేవదానం అంకుల్‌కు ఫోన్ చేశాడు. కారున్నది ఆయనకే. విమల ఆంటీ భర్త, మా ఫెలోషిప్ పెద్ద. మాకు ఆ ఫ్లాట్ ఇప్పించింది, నాన్నకు షెడ్డులో పని చూపించింది ఆయనే. మంచివాడు. పావుగంటలో వచ్చాడు. అయితే వచ్చేముందు ఆరుగురికి ఫోన్ చేశాడు, ప్రార్థన చెయ్యమని. కార్లో పాటల క్యాసెట్ పెద్దగా పెట్టాడు, అమ్మకు ధైర్యంగా ఉంటుందని. అమ్మ కళ్ళు మూసుకుని, తల అద్దానికి ఆనించకుండా చేత్తో పట్టుకుని కూర్చుంది. క్యాసెట్ ఆపండి అంకుల్ అనడానికి నాకు నోరు రాలేదు. నాన్నకూ రాలేదు.

క్యాజువాలిటీలో ట్యూబులైట్ల కింద నాలుగు గంటలు. తర్వాత ఆ కుర్ర డాక్టరు, గడియారం గొడవ. అది తేలాక ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇక్కడే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఉంది. అవి అమ్మ ప్రశ్నలు. వార్డులో తల దెబ్బ తగిలినవాళ్ళను గంటగంటకూ లేపి ఆమె అడిగే ప్రశ్నలే. మీ పేరేమిటి, మీరెక్కడున్నారు, ఇవాళ ఏ వారం, ఇది ఏ సంవత్సరం, ప్రధానమంత్రి ఎవరు. కొత్తలో ఇంగ్లీషు యాస కుదరాలని ఇంట్లో వంట చేస్తూ బియ్యం డబ్బాతో, ఉల్లిపాయలతో ఆ ప్రశ్నలే అప్పజెప్పుకునేది. డాక్టరు రెండో ప్రశ్న పూర్తి చెయ్యకముందే మూడోదానికి జవాబు చెప్పింది. అతను టార్చి తీస్తే, వేలు ముందుకు పెట్టకముందే ఎటు చూడాలో అటు చూసింది. అతను నవ్వి, మీరు నర్సా అన్నాడు. అవునంది, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ. పరీక్ష ముందే తెలిసినవాళ్ళకు పరీక్ష పెట్టి పాసయ్యారని చెప్పడం ఎవరికైనా న్యాయమా? కానీ అతనికి వేరే పరీక్ష లేదు.

చివర్న, వాంతులు ఎన్నిసార్లు అయ్యాయని అడిగాడు.

"ఒక్కసారి," అంది అమ్మ.

నాన్న మొదటి వాంతి అప్పుడు వీధి చివర కొట్లో పాలు కొంటున్నాడు. ఆయనకు తెలిసింది ఒకటే. రెండూ తెలిసింది నాకు. అమ్మ డాక్టరును చూడకుండా నన్ను చూసింది. ఒకటికి మించితే స్కాన్ తీస్తారని, స్కానంటే రాత్రికి ఉంచుకుంటారని, ఉంచుకుంటే తను పనిచేసే వార్డుకు కబురు వెళ్తుందని ఆమెకు తెలుసు. ఇదంతా నాకు అప్పుడు తెలీదు. ఆ చూపుకు అర్థం మాత్రం తెలిసింది. నేనేం మాట్లాడలేదు. డాక్టరు ఒకటి అని రాసుకున్నాడు. కంకషన్ అన్నాడు. మెదడు అదిరింది, దానంతటది సర్దుకోవాలి, మందు లేదు, విశ్రాంతే మందు. చీకటి గది, నిశ్శబ్దం, టీవీ వద్దు, చదవొద్దు, పని వద్దు, రెండు రోజులు పక్కన ఒక మనిషి. అదంతా ఉన్న కాగితం చేతికిచ్చాడు.

విశ్రాంతే మందని రాసిన ఆ కాగితం మా ఇంట్లో అడుగుపెట్టిన క్షణం నుంచీ ఆ ఒక్కటి తప్ప అన్నీ జరిగాయి. తలకు దెబ్బ తగిలినవాళ్ళు నిద్రపోకూడదని నాన్న నమ్మకం. పడుకోవచ్చని కాగితంలో స్పష్టంగా ఉంది. నేను చదివి వినిపించాను. "రాసినాయన మన ఇంట్లో ఉంటాడా?" అని, ఆ సాయంత్రం ఆమె కన్ను మూతపడినప్పుడల్లా సుగుణా, సుగుణా అని పిలిచాడు. ఆమె కళ్ళు తెరిచి ఏంటంటే ఏం లేదు, ఊరికే అనేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఆరాధన ముగియగానే ఫెలోషిప్ మొత్తం మా ఇంటికి వచ్చింది. పద్నాలుగుమంది. ద్రాక్షపళ్ళు, కమలాలు, ఒక గిన్నెలో విమల ఆంటీ చేసిన పాయసం. రెండు గదులు నిండాయి. చెప్పులు మెట్ల కిందిదాకా వెళ్ళాయి. ఇంట్లో జబ్బుచేసిన మనిషి ఉంటే చూడడానికి వెళ్ళాలి. వెళ్ళకపోతే తప్పు, వెళ్ళి ఊరికే కూర్చుంటే ఇంకా తప్పు. కాబట్టి ఎలా తగిలిందో అమ్మ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఒకావిడ వంటింట్లోకి వెళ్ళి ఆ తలుపు తెరిచి మూసి చూసి, "ఇంత చిన్న తలుపా!" అంది. కొంచెం నిరాశపడినట్టే ఉంది.

తర్వాత పాట. కంజిర కూడా తెచ్చారు. అమ్మ పెదవులు కదుపుతూ కూర్చుంది. కంజిర దెబ్బ పడినప్పుడల్లా ఆమె కనురెప్ప అదరడం నాకు కనిపిస్తోంది. పాటయ్యాక దేవదానం అంకుల్ లేచి, "చెల్లెమ్మా, వంచమ్మా తల," అన్నాడు. మా వాళ్ళలో రోగి కోసం ప్రార్థన అంటే తలమీద చెయ్యి పెట్టి చెయ్యాలి. ఆయన మనస్ఫూర్తిగా ప్రార్థన చేసే మనిషి. మనస్ఫూర్తిగా ఉన్నకొద్దీ ఆ చెయ్యి బరువు పెరుగుతుంది. సరిగ్గా బొప్పి మీద పెట్టాడు. పది నిమిషాలు నొక్కి పట్టుకుని, ఈ బిడ్డ శిరస్సును ముట్టుము ప్రభువా అని గట్టిగా అడిగాడు. ముట్టుతున్నది ఆయనే. అమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆమె మనసు కదిలిపోయిందని అందరూ అనుకున్నారు. "ఆత్మ పనిచేస్తోంది," అంది వెనక ఒకావిడ.

ఆమెన్ అన్నాక అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఇంటికొచ్చినవాళ్ళకు టీ ఇవ్వకుండా ఎలా పంపుతుంది? నేను పెడతానంటే, "పద్నాలుగుమందికి నీకు పాళ్ళు తెలీవు, పో," అంది. టీపొడి వేసి, పంచదార వేసి, కాసేపాగి మళ్ళీ టీపొడి వేసింది. నేను చూశాను. ముదురు ఎరుపుగా, నాలుక మీద నిలవనంత చేదుగా వచ్చింది. పద్నాలుగుమందీ ఒక్క మాట అనకుండా తాగారు. "సుగుణ సిస్టర్ టీ అంటే టీయే," అన్నారెవరో. తప్పు కనిపెట్టాల్సిన చోట మర్యాద చేస్తే ఎంత హాని జరుగుతుందో నాకు ఆ రోజే తెలిసింది. అలాగని నన్ను నేను మినహాయించుకోను. నేనూ ఏమీ అనలేదు.

సోమవారం ఉదయం యూనిఫామ్ వేసుకుంది. నాన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

"కాగితంలో పని వద్దని రాశారు, సుగుణా."

"రాత్రి నిద్రపోవచ్చని కూడా రాశారు. నమ్మారా మీరు?"

"అది వేరు."

"ఐదు సంతకాలండీ. ఐదే. తర్వాత నెల్రోజులు పడుకుంటాను, మీరే అన్నం కలిపి పెడుదురుగాని. తప్పుకోండి, బస్సొస్తుంది."

ఆయన తప్పుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మ బూట్లు విప్పకుండానే మంచం మీద వాలిపోయింది. వార్డులో ఏం జరిగిందో తర్వాత చెప్పింది. ఒక ముసలాయనకు బీపీ చూసి, రాసి, తిరిగి ఆయన దగ్గరికే వచ్చి మళ్ళీ పట్టీ చుట్టిందట. ఇప్పుడే కదమ్మా చూశావని ఆయన నవ్వాడట. ఈమె కూడా నవ్వి, మీరంటే నాకిష్టం అందట. బీపీ రెండుసార్లు చూస్తే ఎవరికీ నష్టం లేదు. మంచాల దగ్గరికి తోసుకెళ్ళి మందులిచ్చే బండి ఆ రోజు ఆమె చేతికి రాలేదు. మంగళవారం రావాల్సి ఉంది. మిగిలిన ఐదు సంతకాల్లో ఒకటి దానికే.

మంగళవారం ఉదయం ఆరింటికి అమ్మ భుజాన బ్యాగు తగిలించుకుని మెట్ల దగ్గర ఉంది. నేను బడికి డబ్బా కట్టుకుంటున్నాను. ముందురోజు రాత్రి విమల ఆంటీ చేపల పులుసు పంపింది. అమ్మ రెండుసార్లు వడ్డించుకుని తిని, మామిడికాయ వేసిందా ఏంటి అని కూడా అడిగింది.

"అమ్మా, రాత్రి మిగిలిన పులుసు ఎక్కడ పెట్టావ్?"

"ఏం పులుసు?"

"రాత్రి తిన్నాం కదా."

"పప్పు కదే తిన్నాం."

నేను కావాలని అడగలేదు. చిరాగ్గా అడిగాను, అంతే. "అమ్మా, రాత్రి ఏం తిన్నాం?"

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. నేను నవ్వుతున్నానేమోనని నా మొహం చూసింది. తర్వాత కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు వాసన చూసుకుంది. తెల్లవారుజామునే స్నానం చేసింది, సబ్బు వాసన తప్ప ఏముంటుంది? ఒక విమానం వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. ప్రధానమంత్రి పేరు ఆమెకు తెలుసు. వారం తెలుసు, సంవత్సరం తెలుసు. పన్నెండు గంటల కింద నా పక్కన కూర్చుని తిన్న అన్నం తెలీదు.

మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంది. "నాన్నను పిలువు," అంది. ఆయన వచ్చాక, ఎవరో మూడో మనిషి గురించి చెప్తున్నట్టు, "ఈ పేషెంటునైతే నేను ఇంటికి పంపేదాన్ని కాదండీ," అంది.

"ఏ పేషెంటు?" అన్నాడు నాన్న.

"నేనే. వాంతి రెండుసార్లయింది. ఒకటని చెప్పాను." తర్వాత నా వైపు తిరిగి, "దీన్ని ఏమనకండి. నేనే చూశాను దాని వంక," అంది.

ఫోన్ ఆమే చేసింది. మెంటర్‌తో మాట్లాడుతున్నంతసేపూ నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడే పెట్టెల గురించి ఆలోచిస్తున్నాడని తర్వాత చెప్పాడు, ఏ పెట్టెలో ఏం పడుతుందని. అమ్మ ఎక్కువగా యెస్, యెస్ అంది. ఒకచోట సారీ అంది. పెట్టేశాక కాసేపు రిసీవర్ మీద చెయ్యి తియ్యలేదు.

"ఏమంది?"

"నిన్న ఎందుకొచ్చావని తిట్టింది. ఇప్పుడే క్యాజువాలిటీకి వెళ్ళి నిజం చెప్పమంది. డాక్టరు సరేననేదాకా వార్డు మొహం చూడొద్దంది."

"మరి సంతకాలు?"

"ఎన్ని రోజులు పోతే అన్ని రోజులు చివర్న కలుపుతారంట. మామూలేనంట. ఫారం ఉందంట దానికి."

ఫారం ఉంది. మూడు రోజులు మా ఇల్లు వణికిపోయిన ప్రశ్నకు ఎక్కడో సొరుగులో ఒక ఫారం ఉంది. మందుల బండి దగ్గర పొరపాటు జరిగి, దెబ్బ సంగతి దాచావని అప్పుడు తెలిసి ఉంటే మాత్రం నేనే నిన్ను ఫెయిల్ చేసేదాన్నని కూడా ఆవిడ అందట. ఆ కేరళ అమ్మాయి ఎవరో, అసలు పుట్టిందో లేదో, నాకు ఈనాటికీ తెలీదు. పుట్టి ఉంటే ఆమె వెళ్ళిపోవడానికి ఇంకేదో కారణం ఉండి ఉంటుంది.

స్కాన్‌లో ఏమీ లేదు. మూడు వారాలు పని మానెయ్యమన్నారు. ఈసారి కాగితంలో రాసింది రాసినట్టు చెయ్యాలని నాన్న నిర్ణయించుకున్నాడు. కిటికీకి దుప్పటి కట్టాడు. కుక్కర్ కూత రాకుండా గిన్నెలో వండడం నేర్చుకున్నాడు, సగం రోజులు మాడ్చాడు. మనుషులను ఆపడమే కష్టమైంది. ఇంటికొచ్చినవాళ్ళను రావద్దనడం ఆయన జన్మలో చెయ్యని పని, అదీ దేవదానం అంకుల్‌ను. బుధవారం ఆయన నలుగురిని తీసుకుని వచ్చాడు. నాన్న కిందికి దిగి, వీధి తలుపు వెనకే మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నేను పైన కిటికీ దగ్గర్నుంచి విన్నాను.

"వందనాలు బ్రదర్. చెల్లెమ్మ ఎలా ఉంది? చూసి వెళ్దామని."

"లేదండీ."

"లేదంటే? ఎక్కడికెళ్ళింది?"

"ఉందండీ. చూడడానికి లేదు. మాట్లాడకూడదు, పాడకూడదు. తల ముట్టుకోకూడదు." కొంచెం ఆగి, "మీరు ముట్టుకున్నచోటే దెబ్బ, అన్నా," అన్నాడు.

"ముందే చెప్పొద్దా అయ్యా!" అన్నాడు అంకుల్. కోపం లేదు, నిజంగా బాధపడ్డాడు. నలుగురూ వెళ్ళి కారులో కూర్చున్నారు. అద్దాలు ఎక్కించుకుని, ఎదురుగా రోడ్డు పక్కనే, పావుగంట ప్రార్థన చేశారు. దుప్పటి అంచు తప్పించి చూస్తే పెదవులు కదలడం కనిపించింది. చప్పుడు మాత్రం పైకి రాలేదు. మూడు వారాలూ వారానికి రెండుసార్లు అలాగే వచ్చి, కార్లోనే ప్రార్థన చేసి, గిన్నె ఏదైనా ఉంటే మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ పద్ధతి ఉందని మొదటిరోజున ఎవరికీ తోచలేదు.

కాగితం వెనక రాతలు ఆ రోజుల్లోవే. రోజూ పొద్దున అమ్మను రాత్రి ఏం తిన్నామని అడగాలని నేనన్నాను. అడిగితే నాన్నకే గుర్తులేదు. అడిగేవాడికి తెలియాలి కదా అని పడుకోబోయే ముందు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి వారం ఇంటూలు మూడున్నాయి. తర్వాత అమ్మ కాపీ కొట్టడం మొదలుపెట్టింది. లేవగానే ఫ్రిజ్ తెరవడం, చెత్తబుట్టలోకి తొంగిచూడడం. నాన్న పట్టుకుని, మిగిలిన కూరలు నా పుస్తకాల అలమరలో దాచేవాడు. నా బడి సంచి కొన్నాళ్ళు పులుసు కంపు కొట్టింది. మూడో వారానికి ఆమె, "బెండకాయ వేపుడు. ఉప్పు లేదు. మీరు లేచెళ్ళి తెచ్చుకున్నారు, నాకు తేలేదు," అని చెప్పింది. నాన్న రెండు టిక్కులు పెట్టాడు. అవి ఇప్పటికీ కాగితం మీద ఉన్నాయి. మూడు వారాలు ఆలస్యంగా ఐదు సంతకాలూ వచ్చాయి.

ఇప్పుడు మా అమ్మాయి బడిలో ఆడుకుంటూ తల దేనికైనా తగిలించుకుంటే, గంటలో నాకు ఫోన్ వస్తుంది. ఎన్నింటికి, ఎక్కడ, ఎలా తగిలిందో రాసిన కాగితం సంచిలో పెట్టి పంపుతారు. తనకేం కాలేదని తనే అనుకుని ఎవరూ మళ్ళీ ఆటలోకి దిగడానికి లేదు. మంచిదే. ఆ కాగితం అందిన ప్రతిసారీ నాకు మా అమ్మ మీద కోపం వస్తుంది. పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు ఆమె గుర్తొచ్చే దారుల్లో అదొకటి, దాన్ని ఎందుకు మూసుకోవాలి?

రాత్రి ఏం తిన్నామన్న ప్రశ్న మాత్రం ఆ మూడు వారాలతో ఆగలేదు. నేను లీసెస్టర్ యూనివర్సిటీకి వెళ్ళాక అమ్మ నన్ను అడగడం మొదలుపెట్టింది. రోజూ ఉదయం, డ్యూటీకి వెళ్ళేముందు ఫోన్ చేసి, హలో కూడా లేకుండా, "రాత్రి ఏం తిన్నావే?" అనేది. చిప్స్ తిని పప్పన్నం అన్న రోజులు చాలా ఉన్నాయి. "అబద్ధం, వారంలో మూడోసారి పప్పు," అని పెట్టేసేది. నా పెళ్ళయ్యాక, ఆమె రిటైరయ్యాక కూడా అడిగింది. అడగడానికి కారణం ఏమిటో ఇద్దరం ఎప్పుడూ చెప్పుకోలేదు.

నాన్న ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. పొద్దున నాకన్నా ముందే లేచి వంటింట్లో కూర్చుని ఉంటాడు. గడియారం సరైన టైమే చూపిస్తుంది. నేను టీ పెట్టి ఇస్తాను, ఆయన తాగుతాడు. రాత్రి ఏం తిన్నామని ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు.